మబ్బుల మేస్త్రికి వికారం

అతను ఇళ్ళకు రంగులు వేసేవాడు. గోడలు అందరూ వేస్తారు, అతనికి పేరొచ్చింది మాత్రం పైకప్పులతో. పిల్లల గదుల్లో, ఆస్పత్రి వరండాల్లో, పళ్ళ డాక్టరు కుర్చీకి సరిగ్గా పైన మబ్బులు వేసేవాడు. తెలుపులో చిటికెడు బూడిదరంగు, అందులో ఉందా లేదా అన్నంత గులాబీ కలిపి, స్పాంజి ముక్కతో అద్ది, అరచేతి అంచుతో మెల్లగా చెరిపేవాడు. అందరూ అతన్ని మబ్బుల మేస్త్రి అనేవారు. ముప్పై ఏళ్ళు రోజులో సగం తల వెనక్కి వాల్చి బతికిన మనిషి. వీధిలో ఎవరైనా పలకరిస్తే ముందు పైకి చూసి, ఆ తర్వాతే కిందికి దిగి మొహంలోకి చూసేవాడు.

ఆ ఏడు వానలు తెరిపిచ్చాక ఒక బడిలో చిన్నపిల్లల గదికి పని ఒప్పుకున్నాడు. పరంజా మీద నిలబడి మూలనున్న మబ్బుకు అంచు దిద్దుతుంటే, ఉన్నట్టుండి ఆ మబ్బు కదిలింది. భయం కంటే ముందు సంతోషమే వేసింది అతనికి. ఇన్నేళ్ళకు ఒక్కటైనా కదిలింది కదా అనుకున్నాడు. మరుక్షణం గదంతా దాని వెంట బయల్దేరింది. కడుపు గొంతులోకి వచ్చింది. పరంజా గొట్టాన్ని కావలించుకుని కళ్ళు మూసుకున్నాడు. కదలిక నిమిషంలో ఆగింది కానీ, వికారం పొద్దుగూకేదాకా వదల్లేదు.

మబ్బు కదిలిందని ఎవరికీ చెప్పలేదు. చెబితే మతి పోయిందంటారు. వికారం మాత్రం దాస్తే దాగేదా? మొదట్లో రోజు విడిచి రోజు వచ్చేది, తర్వాత రోజూ వచ్చింది. తెల్లవారి మంచం మీద కుడిపక్కకు ఒత్తిగిలితే చాలు, పడవలో పడుకున్నట్టు అంతా ఊగేది. ముద్ద నోట పెట్టబుద్ధయ్యేది కాదు. బెల్టుకు రెండు కొత్త కన్నాలు పొడుచుకున్నాడు.

పక్క వాటాలో ఉండే వదిన ఊరుకునే రకం కాదు. "ఏం మరిదీ, ఎన్నో నెల?" అంది ఒకరోజు గుమ్మంలోంచే.

"ఊరుకో వదినా. అసలే ప్రాణం బాగాలేదు."

"పుల్లటిదేమైనా తినాలనిపిస్తే మొహమాటపడకు. వేవిళ్ళకి నా చేతి వంటే మందు."

మిగతా వాటాలవాళ్ళు నవ్వారు. భార్య మాత్రం నవ్వలేదు. బెల్టు కన్నాలు ఆమె చూసింది.

వీధి చివర డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. "తిప్పుతోందండీ" అన్నాడు. వేళకి తినాలని చెప్పి గ్యాసు మాత్రలిచ్చారాయన. రెండోసారి వెళ్తే ఇంకొంచెం పెద్ద మాత్రలిచ్చారు. మూడోసారి రక్తం, కడుపు అన్నీ పరీక్ష చేయించి, "మీ కడుపు పసిపిల్లాడి కడుపులా ఉందయ్యా, బెంగ పెట్టుకోకండి" అన్నారు. కానీ అతను బెంగే పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళ రంగు వాసన ఒంట్లో పేరుకుపోయిందని, కోస్తే లోపలంతా లేత నీలంగా ఉంటుందని అనుకునేవాడు. ఆ నీలం ఎలా ఉంటుందో కళ్ళకు కట్టేది కూడా. కిటికీ దగ్గర కూర్చుని, తన లోపల ఎండ కాస్తున్నట్టు, ఒక్క మబ్బూ లేనట్టు ఊహించుకునేవాడు. అలా మధ్యాహ్నాలు గడిచిపోయేవి.

పైకప్పుల పని వస్తే ఏదో వంక చెప్పి పంపేస్తున్నాడు. బడి పెద్ద టీచరు ఒకరోజు ఇంటికే వచ్చి, "మా గదిలో ఆకాశం సగమే ఉందండీ" అని భార్యతో చెప్పేదాకా ఆ సంగతి ఇంట్లో తెలియదు. ఆవిడ అటు వెళ్ళగానే భార్య చెప్పులేసుకుంది. "లే. పెద్దాస్పత్రికి పోదాం పద."

"రేపు..."

"రేపూ లేదు, ఎల్లుండీ లేదు. లే."

పెద్దాస్పత్రిలో వాళ్ళను చూసిన డాక్టరు చిన్న వయసు అమ్మాయి. "ఏమవుతోంది?" అంది.

"తిప్పుతోందమ్మా."

"ఏది తిప్పుతోంది? కడుపా, గది మొత్తమా?"

నాలుగు నెలల్లో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. భార్య అతని వైపు తిరిగింది.

"ముందు మబ్బు తిరిగిందమ్మా" అన్నాడు చివరికి. "ఆ తర్వాత గది. కడుపు ఆఖర్న."

ఆమె నవ్వలేదు. కలం పక్కన పెట్టి కుర్చీ ముందుకు లాక్కుంది. ఎంతసేపు తిరుగుతుంది? పైకి చూసినప్పుడేనా? ఏ పక్కకి ఒత్తిగిలితే ఎక్కువ? వినికిడి బాగుందా? తలనొప్పి, చూపు రెండుగా కనపడడం, చెయ్యీ కాలూ పట్టు తప్పడం ఉన్నాయా? అన్నీ ఓపిగ్గా అడిగి, "చెవి లోపల ఇసుక కన్నా సన్నటి సున్నపు పలుకులుంటాయి. అవి చోటు తప్పి పక్క గొట్టంలోకి జారినట్టున్నాయి. తల వాల్చగానే అవి కదులుతాయి, మీకేమో లోకం కదిలినట్టుంటుంది" అంది.

"చెవిలో సున్నమా? నేను కొట్టింది కాదు కదమ్మా!"

"కాదు, పుట్టినప్పట్నించీ ఉన్నదే. రంగుల తప్పేం లేదు."

అతన్ని బల్ల మీద కూర్చోబెట్టి, తల కుడికి తిప్పి, ఒక్కసారిగా వెనక్కి పడుకోబెట్టింది. తల బల్ల అంచు దాటి ఆమె చేతుల్లో వేలాడింది. "కళ్ళు మూసుకోకండి, నా వైపే చూడండి."

గది బయల్దేరింది. గోడ, కిటికీ, భార్య మొహం, మళ్ళీ గోడ, అన్నీ పాలలో చక్కెరలా గుండ్రంగా తిరుగుతూ కరిగిపోయాయి. దూరంగా ఆ అమ్మాయి గొంతు అంకెలు లెక్కపెడుతోంది. మెల్లగా తల ఎడమకి తిరిగింది. తర్వాత ఒళ్ళంతా ఎడమ పక్కకి దొర్లి, చూపు నేల మీద పడింది. ఎవరో తనను నీటి అడుగున నెమ్మదిగా తిప్పుతున్నట్టుంది. లేపి కూర్చోబెట్టేసరికి భార్య చెయ్యి తన పిడికిట్లో ఉంది. ఎప్పుడు పట్టుకున్నాడో తెలియదు.

కాసేపాగి రెండోసారి పడుకోబెట్టింది. ఈసారి పైకప్పు ఎక్కడిదక్కడే ఉంది. మామూలు పైకప్పు. చెమ్మ మరక ఒకటి, ఫ్యాను ఒకటి. అతనికి హాయిగా అనిపించింది. ఎక్కడో కొద్దిగా దిగులుగానూ అనిపించింది.

రెండు రోజులు నడకలో తూలుడు ఉంది. వారం తర్వాత మరోసారి అలాగే తిప్పించుకున్నాడు. ఆ పైన వికారం పూర్తిగా పోయింది. ఆకలి ఎంత వచ్చిందంటే, వదిన తన గిన్నెలు దాచుకోవాల్సి వచ్చింది. ఆ తిరుగుడు మళ్ళీ రావచ్చనీ, వస్తే వెంటనే రమ్మనీ, కొన్నాళ్ళు పరంజా ఎక్కొద్దనీ డాక్టరు గట్టిగా చెప్పింది.

మాట విన్నాడు. బడిలో మిగిలిన ఆకాశానికి వేరే దారి వెతికాడు. పలుచటి చెక్కపలకలు ఇంటి ముందు బల్ల మీద పరిచి, జీవితంలో మొదటిసారి తల వంచుకుని మబ్బులు వేశాడు. వడ్రంగి వాటిని తీసుకెళ్ళి పైన బిగించాడు. ఆ పలకల నీలం పాత నీలంతో సరిగ్గా కలవలేదు. పిల్లలెవరూ పట్టించుకోరు. అతనే, చూడ్డానికి వచ్చినవాళ్ళు మెచ్చుకునేలోపు, "అదిగో, అక్కడ అతుకు" అని వేలు పెట్టి చూపిస్తాడు.