సగం చెప్పిన సాక్ష్యం

ఎలీషబా ఒక మాట అందంటే అందే. హనుమంతునిపాడు పక్క పల్లెలో మిరపకోతలకు పోయే ఆడకూలీల ముఠాకు ఆమే మేస్త్రి. ఎంత పెద్ద రైతైనా ఆమె చేత మాట మార్పించలేడు. అట్లాంటి మనిషి, తానన్న మాటలోనే చిక్కుకుని ఆసుపత్రి దారి మానుకుంది.

మూడేళ్ల కిందట ఒంగోలులో డాక్టరమ్మ ఆమె పెద్దపేగులో రెండు కండబుడిపెలు తీసేసింది. వదిలేస్తే కేన్సరుకు దారితీసే రకం, మళ్లీ పుట్టొచ్చు, మూడేళ్లకు తప్పకుండా వచ్చి, పేగులోకి గొట్టం పంపి చూసే పరీక్ష చేయించుకోమంది. ఎలీషబా సరేనంది. ఆ ఆదివారమే చర్చిలో నిలబడి, ప్రభువు నన్ను పూర్తిగా స్వస్థపరిచాడని సాక్ష్యం చెప్పింది. ఆడవాళ్లంతా కళ్లొత్తుకున్నారు. ఇప్పుడు మళ్లీ పరీక్షకు పోతే దేవుడి పనిని డాక్టరుతో సరిచూపించుకున్నట్టు కాదూ? గడువు దాటి నాలుగు నెలలైంది. లోపల ఏం పెరుగుతోందోనన్న భయానికి అన్నం సయించడం లేదు.

చివరికి ఒక సాయంత్రం కోత నుంచి నేరుగా పాస్టరు కరుణాకరం ఇంటికి పోయింది. ఆ సాక్ష్యం వెనక్కి తీసుకుంటానయ్యా అంది. ఆయన అంతా విని, లోపలికి పోయి ఒక డబ్బా తెచ్చి ముందు పెట్టాడు. నిండా బీపీ మాత్రలు.

"నా బీపీ దేవుడు తగ్గించినాడని నేనూ సాక్ష్యం చెప్పినాను గదమ్మా. పొద్దున లేస్తానే ప్రార్థన చేస్తా, ఆనక మాత్ర వేసుకుంటా. దేవుడేం అలగలేదు."

ఎలీషబాకు నవ్వాగలేదు.

పరీక్షకు ముందురోజు అన్నం మానేసి, పేగు శుభ్రమయ్యే మందునీళ్లు తాగుతూ కూర్చుంది. ఉపవాస ప్రార్థన అనుకుని పక్కింటి రేచల్ తానూ తోడుగా పస్తుండిపోయింది. ఈమె నిమిషానికోసారి దొడ్లోకి పరుగెత్తడం చూశాక సంగతి తెలిసి, ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. రేచల్ పోయి రెండు ముద్దలు తినొచ్చింది.

డాక్టరమ్మకు కందిగింజంత బుడిపె ఇంకొకటి కనిపించింది. అక్కడికక్కడే తీసేసి పరీక్షకు పంపింది. వారానికి రిపోర్టు వచ్చింది, కేన్సరు లేదు. మంచి సమయానికే వచ్చావు, మళ్లీ మూడేళ్లకు రా అంది. ఎలీషబా సంతోషం పట్టలేక బస్టాండులో కిలో మైసూరుపాకు కొని ముఠా అందరికీ పంచింది.

ఆదివారం చర్చిలో లేచింది.

"పోయినసారి నేను సగమే చెప్పినాను. దేవుడు బాగుచేసినాడు, నిజమే. మళ్లొచ్చి చూపించుకోమని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట దాచినా. దాచి, సచ్చేంత భయపడినా."

కూడిక ముగిశాక జ్ఞానయ్య ఆమెను పక్కకు పిలిచాడు. ఊళ్లో అందరికన్నా గట్టిగా ఆమేన్ చెప్పే ముసలాయన. ఆరు నెలలుగా తనకు దొడ్డికి పోతే రక్తం పడుతోందని, ఎవరికీ చెప్పలేదని నేల చూస్తూ అన్నాడు.

"రేపే పోదాం మామా," అంది ఎలీషబా. "నేనొస్తా తోడు."