గుర్తులేని గోల్

లేక్‌సైడ్ రోవర్స్ ఫుట్‌బాల్ క్లబ్ గదిలో కాఫీ మెషీన్ పైన, గోడకి ఒక ఫొటో ఉంటుంది. రెండు వేల నాలుగు ఫైనల్‌లో చక్రపాణి గాల్లోకి లేచి తలతో గోల్ కొడుతున్న ఫొటో అది. న్యూజెర్సీలోని పార్సిప్పనీ తెలుగువాళ్లలో ఆ గోల్ కథ వినని వాళ్లు తక్కువ. దాన్ని కొట్టిన చక్రపాణికి మాత్రం అది గుర్తులేదు.

బంతి నుదుటికి తగిలిన క్షణంలోనే అవతలి డిఫెండర్ తల వచ్చి అతని కణతకి కొట్టుకుంది. పడ్డాడు, లేచాడు, ఆట ముగిసేదాకా ఆడాడు, కప్పు ఎత్తాడు. ఇంటికి ఎలా వచ్చాడో మర్నాడు భార్య సుధ చెబితే తెలిసింది. మిగతాదంతా వీడియో చూసి నేర్చుకున్నాడు. ఎవరైనా అడిగితే, "గాలి కుడివైపు నుంచి కొడుతోంది, కార్నర్ కాస్త పొడుగొచ్చింది" అంటూ కళ్లకు కట్టినట్టు చెప్పేవాడు.

వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతూ యూనివర్సిటీకి ఆడినవాడు. కన్సల్టెంట్‌గా అమెరికా వచ్చాక వారమంతా డేటాబేస్‌లు, ఆదివారం రోవర్స్. ఆరేళ్లు ఆడాడు. మోకాలు పోయాక ఆ మైదానం వైపే వెళ్లలేదు. ఐదేళ్ల తర్వాత, క్లబ్ సెక్రటరీ జగన్మోహన్ ఇంటికి వచ్చి కూర్చున్నాడు. పన్నెండేళ్లలోపు ఆడపిల్లల జట్టు పట్టికలో అట్టడుగున ఉంది.

"గెలిపించమని అడగట్లేదు గురూ. ఏడవకుండా ఓడిపోయేలా చూడు, చాలు."

చక్రపాణి నవ్వి ఒప్పుకున్నాడు. రెండేళ్లు తిరిగేసరికి, రెండు వేల పదమూడు వసంతంలో, ఆ పిల్లలు వరసగా పదకొండు ఆటలు ఓడిపోకుండా ఫైనల్‌కి చేరారు. ప్రతి ప్రాక్టీస్‌లో ఒక్కొక్కరి చేత ఇరవైసార్లు బంతిని తలతో కొట్టించేవాడు. తనకి బాగా తెలిసిన విద్య అదొక్కటే. కార్నర్ దొరికిందంటే అవతలి జట్టు తల్లిదండ్రులు మాటలాపేసేవారు.

ఆ గెలుపుల మధ్యలో ఎవరికీ చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. ఫిబ్రవరిలో ఒక ఉదయం హైవే మీద ఆఫీస్ ఎగ్జిట్ దాటిపోయి, ఎన్నో మైళ్ల అవతల బ్రిడ్జ్‌వాటర్ బోర్డు కనిపించేదాకా డ్రైవ్ చేశాడు. ఇంట్లో ట్రాఫిక్ అన్నాడు. పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోవడం మూడోసారి జరిగినప్పుడు సుధ పొయ్యి ఆర్పి అతని ముఖంలోకి చూసింది, అంతే. చొక్కా జేబులో ఒక కార్డు ఉండేది. దాని మీద పదమూడు మంది పిల్లల పేర్లు, నంబర్లు. రెండేళ్లుగా రోజూ పిలుస్తున్న పేర్లు. అతనికి నలభై ఒకటి దాటలేదు.

ఫైనల్ రోజు శనివారం. మైదానం పక్కన పార్కింగ్‌లో ప్రణవి వాళ్ల వ్యాన్ ఆగింది. పదకొండేళ్ల ప్రణవి జట్టులో అందరికన్నా పొడగరి, సీజన్‌లో సగం గోల్స్ తనవే. వెనకాలే తల్లి నళిని, ఒంగోలు నుంచి ఆరు నెలలు ఉండటానికి వచ్చిన అమ్మమ్మ మీనాక్షమ్మ దిగారు.

"ఇవాళ మా పిల్లని జాగ్రత్తగా చూసుకో బాబూ," అంది మీనాక్షమ్మ. "పోయిన వారం రెండు గోల్స్ కొట్టిందని ఆ ఫేస్‌బుక్‌లో పెట్టారు, ఊరందరి కళ్లూ పడ్డాయి. మొన్న రాత్రి వాంతి. నిన్నంతా తలనొప్పి, వెలుతురు చూడలేకపోయింది. దిష్టి తీశాను. మిరపకాయలు మంటలో వేస్తే ఇంత ఘాటైనా రాలేదు. ఘాటు లేదంటే అంత దిష్టి ఉన్నట్టు."

"ఇంట్లో తీస్తే అలారం మోగి ఫైర్ ట్రక్ వస్తుందని కింద పార్కింగ్‌లో, అల్యూమినియం ట్రేలో తీయించాం," అని నళిని నవ్వింది. "ఇప్పుడు బానే ఉందండి."

చక్రపాణి నవ్వలేదు. వాంతి, తలనొప్పి, వెలుతురు. ఆ వరస అతనికి తెలుసు.

"గురువారం ప్రాక్టీస్‌లో తల ఎక్కడైనా తగిలిందా అమ్మా?"

ప్రణవి అతని వైపు వింతగా చూసింది. "మీరే చూశారు కదా అంకుల్. మన టీమ్‌లో మాయా తల నాకు బంప్ అయింది. మీరే ఐస్ ఇచ్చారు. అమ్మకి నేను చెప్తాను అన్నారు."

గురువారం సాయంత్రం కోసం లోపలంతా వెతికాడు. ఐస్ లేదు, మాయా లేదు. ఖాళీ.

"ఓకే," అన్నాడు మెల్లగా. "చిన్న పరీక్ష. మూడు మాటలు చెప్తాను, గుర్తుపెట్టుకో. కాసేపయ్యాక అడుగుతాను." చెప్పాడు. కోన్లు సర్దించాడు, జగన్మోహన్‌తో మాట్లాడాడు, తిరిగి వచ్చాడు.

"చెప్పు."

"గొడుగు, ట్రెయిన్..." ప్రణవి బూటు లేసు లాగుతూ ఆలోచించింది. "బనానా. కరెక్టా అంకుల్?"

అతనికి తెలియలేదు. గొడుగు తను అన్నదేనా? మూడోది అరటిపండేనా, ఇంకేదైనానా? పిల్ల జవాబు కోసం చూస్తోంది. కరెక్ట్ అంటే చాలు, ఆడుతుంది. మరో కార్నర్ వస్తుంది, అందరికన్నా పైకి లేస్తుంది. గోడ మీద ఫొటో కళ్ల ముందు మెదిలింది.

"నళినీ, ఇవాళ ప్రణవి ఆడదు."

"అదేంటండీ, ఫైనల్! వారం నుంచి నిద్రపోలేదది."

"దిష్టి కాదమ్మా. గురువారం తలకి దెబ్బ తగిలింది. మీకు చెప్పాల్సింది నేనే. మరిచిపోయాను. ఇప్పుడే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, ఆట అయ్యేదాకా ఆగకండి."

ప్రణవి ఏడ్చింది. జగన్మోహన్ పక్కకి లాగి, "పిచ్చెక్కిందా నీకు, ఇరవై నిమిషాలైనా ఆడించు" అన్నాడు. వ్యాన్ వెళ్లిపోయేదాకా చక్రపాణి గేటు దగ్గరే నిలబడ్డాడు.

ప్రణవి లేకుండానే ఒక్క గోల్ తేడాతో గెలిచారు. అప్పట్లో క్లబ్బుకి కప్పు తెచ్చిన ఆటగాడే కోచ్‌గానూ తెచ్చాడని జగన్మోహన్ మైకు పట్టుకుని మరీ చెప్పాడు. నళిని ఫోన్ చేసింది. మెదడు అదిరిందట, నెల రోజులు ఆట వద్దన్నారు, ఇవాళ మళ్లీ తగిలి ఉంటే చెప్పలేం అన్నారట.

సాయంత్రం ప్రణవిని చూడ్డానికి సుధతో సహా అందరూ వస్తే, వాళ్ల అపార్ట్‌మెంట్ కింద మీనాక్షమ్మ చక్రపాణిని తూర్పు ముఖంగా నిలబెట్టింది. "ఇంత పేరు వచ్చింది, కళ్లు పడవూ? మరుపులు కూడా దానివల్లే. ఈ దెబ్బతో పోతాయి." ఉప్పు, ఎండు మిరపకాయలు గుప్పిట్లో పట్టి మూడుసార్లు తిప్పి, ట్రేలో మంట మీద వేసింది.

ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత ఘాటు గుప్పుమంది. జగన్మోహన్ దగ్గుతూ వెనక్కి పరిగెత్తాడు, పిల్లలు ముక్కులు మూసుకుని నవ్వారు.

మీనాక్షమ్మ కళ్లు తుడుచుకుంటూ అతని భుజం తట్టింది. "నీకు దిష్టేమీ లేదు బాబూ. హాయిగా ఉండు."

సుధ నవ్వలేదు. పొయ్యి ఆర్పిన రోజు చూసినట్టే చూస్తోంది. చక్రపాణి జేబులోంచి పిల్లల పేర్లు రాసుకున్న కార్డు తీసి ఆమె చేతిలో పెట్టాడు.