ఫ్యాను కింద కొవ్వొత్తి

పెళ్ళికి ముందు మాచర్లలో సరదాకి కొవ్వొత్తులు పోసేదాన్ని. తర్వాత ఆ ఊసే మరిచిపోయాను. ఈ వేసవిలో అటక మీద పాత అల్యూమినియం అచ్చు కనపడితే మళ్ళీ మొదలుపెట్టాను. అచ్చుకి కొబ్బరినూనె రాసి, వత్తులు బిగించి, కరిగిన మైనం పోసి నీళ్ళ తొట్టిలో నిలబెట్టాను.

"ఏమే, ఇన్వర్టరున్న ఇంట్లో ఈ కొవ్వొత్తులేంది?" అంది అత్తయ్య. ఒళ్ళు మండినా అచ్చు విప్పే పనిలో పడ్డాను.

కొవ్వొత్తులు నున్నగానే వచ్చాయి. సాయంత్రం ముందుగదిలో ఒకటి వెలిగిస్తే ఫ్యాను గాలికి ఆరిపోయింది. మూలన పెట్టినా, చెయ్యి అడ్డం పెట్టినా అంతే. చిన్నప్పుడు ఈ బాధ లేదు. కరెంటు పోతేనే వెలిగించేవాళ్ళం కాబట్టి, అప్పటికే ఫ్యాను ఆగి ఉండేది. ఇప్పుడు ఈ నరసరావుపేట ఎండల్లో ఫ్యాను ఆపమని ఎవరిని అడగను? విసుగొచ్చి అగ్గిపెట్టె పక్కన పడేశాను.

అత్తయ్యే లేచి ఫ్యాను కట్టేసింది.

"ఇప్పుడు ముట్టించు, చూద్దాం."

మంట నిలబడింది. కాసేపటికి ఆవిడకి చెమటలు కారసాగాయి. విసనకర్ర తెచ్చుకుని, గాలి మంటకి తగలకుండా దూరంగా జరిగి, మెల్లగా విసురుకుంటూ దాన్నే చూస్తూ కూర్చుంది.