బర్రె పడుకునే చోట

వరంగల్‌లో ములుగు రోడ్డు పక్కన రాయమల్లుకు ఒక రేకుల షెడ్డు ఉంది. ముప్పై అయిదేళ్లుగా ఆయనది ఒకటే పని: బండ్ల వెనక బరువునూ కుదుపునూ మోసే ఇనుప కమాన్ పట్టీలు విప్పడం, సాగగొట్టడం, మళ్లీ బిగించడం. వచ్చేవాళ్లు అడిగేదీ ఒకటే. ఇంకో పట్టీ వెయ్యి, ఇంకా బరువు మొయ్యాలి. అరవై దాటాక ఆయన కుడి భుజం పైకి లేవడం మానేసింది. సుత్తి ఎడమ చేతికి మారింది. పొద్దున షట్టర్ ఎత్తేటప్పుడే సాయంత్రం ఎప్పుడవుతుందా అనిపించేది.

మొన్నటి వానాకాలంలో మరిపెడ నుంచి సుకన్య అనే ఆమె పికప్ తెచ్చింది. నాలుగు చక్రాలూ లాగే బండి. బురద పొలాల్లోకి, కాలువ గట్ల మీదికి పోయి, జబ్బుపడ్డ పశువులను దవాఖానకు చేర్చడం ఆమె పని.

"వెనక బాగ ఎగురుతాంది కాక," అని ఇంకేదో చెప్పబోయింది.

రాయమల్లు పూర్తిగా వినలేదు. పట్టీల్లో బలం తగ్గిందనుకుని, అలవాటు కొద్దీ చెరోవైపు రెండేసి పట్టీలు ఎక్కువ వేసి పంపేశాడు.

పది రోజులకు ఆమె మళ్లీ వచ్చింది. పట్టీలు ఎక్కువై బండి ఇంకా బిరుసెక్కిందట; కాలు విరిగిన చూడి గేదెను తెస్తుంటే గట్టు మీద గుంతల్లో ఎగరేసిందట. గేదె ఇంకో కాలు కూడా మడతపడింది. దవాఖాన దాకా వచ్చి అక్కడే చచ్చిపోయింది.

"నిన్ను అంటలేను కాక. నేనే సక్కగ చెప్పకపోతి," అంది సుకన్య. "నాకు బరువు లెక్క గాదు. పండుకున్న బర్రెకు దెబ్బ తగులొద్దు, గంతే."

 రాయమల్లు కష్టం మీద బండి వెనక ఎక్కి, అక్కడ పరిచి ఉన్న గడ్డి మీద పక్కకు తిరిగి పడుకున్నాడు.

"ఏం చేస్తానవ్ కాక?"

"నడుపు బిడ్డా. పొలాలల్ల ఎట్ల పోతవో అట్లనే పో."

ఊరి బయట రాళ్ల బాట మీద ఆమె రెండు కిలోమీటర్లు తిప్పింది. ప్రతి గుంతకూ ఇనుప పలక లేచి ఆయన తుంటిని కొట్టింది. దిగాక చాలాసేపు నడుం పట్టుకుని నిలబడ్డాడు. ఇన్నేళ్లలో తాను బాగుచేసిన ఏ బండి వెనకా ఆయన ఎక్కలేదు.

"తప్పు నాదే," అన్నాడు. "జర నాలుగు రోజులు ఆగు."

ఆరు రోజులు పట్టింది. తాను వేసిన పట్టీలతో పాటు, బండితో వచ్చిన మందపాటి కురచ పట్టీలు కూడా తీసేసి, పొడవాటి పలుచనివి చేర్చాడు. ఒక్క మందపాటి పట్టీని అడుగున కాస్త ఎడంగా ఉంచాడు. బరువు బాగా పడితేనే అది అందుకుంటుంది. ఎగిరిన బండి తొందరగా కుదుటపడేందుకు కొత్త షాకబ్జార్బర్లు వేశాడు. బోల్టులు బిగించడానికి భుజం సహకరించలేదు. పక్క షెడ్డులో వెల్డింగ్ చేసే హరీష్‌ను పిలవాల్సి వచ్చింది. రాయమల్లు సాయం అడగడం హరీష్ ఎన్నడూ చూడలేదు.

ఇంట్లో భార్య మొగిలమ్మ భుజానికి కాపడం పెడుతూ, "ఇగ చాలు, బందు పెట్టు," అంది.

"ఈ బండి ఒక్కటి పోనీ."

మొదటిసారి కట్టినప్పుడు పట్టీలు మరీ మెత్తగా ఉండి, మలుపుల్లో బండి పక్కకు ఊగింది. విప్పి మళ్లీ కట్టాడు. ఆ తర్వాత అదే బాట మీద, అదే చోట పడుకుంటే ఒళ్లు ఊగింది గానీ దెబ్బ తగల్లేదు.

వారం తర్వాత సుకన్య ఫోన్ చేసింది. రఘునాథపల్లి అవతలి నుంచి కాలు విరిగిన ఆవును తెచ్చిందట.

"తొవ్వ పొడుగూత నెమరేసుకుంట వచ్చింది కాక."

"బతుకుతదా?"

"తెల్వది. డాక్టర్ సూస్తాండు."

మంచిదని ఫోన్ పెట్టేశాడు. సంతోషం లోపలెక్కడో ఉంది గానీ, దాన్ని అందుకునే ఓపిక లేదు. మధ్యాహ్నమే షట్టర్ దించి ఇంటికి వెళ్లి పడుకున్నాడు. పొద్దుగూకే వేళ మొగిలమ్మ చాయ్ తెచ్చి లేపేదాకా కదల్లేదు.