పారబోసే నీళ్ళలో పండిన మేత

డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో అసిస్టెంటుగా చేసి నేను రిటైరైన మూడో ఏడు, ఎండాకాలం. ఇబ్రహీంపట్నంలో ఖాళీగా కూర్చోలేక, చుట్టుపక్కల అక్వేరియంలకు నీళ్ళు మార్చే పని పెట్టుకున్నాను. ల్యాబ్ అలవాటు కొద్దీ ప్రతి ట్యాంకుకూ నా డైరీలో ఒక పేజీ ఉండేది. ఉప్పు శాతం ఎంత, ఎన్ని లీటర్లు తీశాను, ఏ మందు వేశారు, అన్నీ అందులో రాసేవాణ్ణి.

హయత్‌నగర్‌లో చేపల దుకాణం నడిపే కవిత మా కాలేజీ విద్యార్థినే. అక్కడ మూడు ఉప్పునీటి ట్యాంకులు ఉండేవి, వాటిలో ఒకటి జబ్బు చేపలకు విడిగా పెట్టింది. మనకు సముద్రం లేదు కాబట్టి, శుద్ధిచేసిన నీళ్ళలో ప్రత్యేకమైన ఉప్పు కలిపి సముద్రపు నీళ్ళు తయారుచేసుకోవాలి. వారానికోసారి కొంత పాత నీరు తీసి కొత్తది పోస్తాం. తీసిన నీరు మోరీలోకి పోయేది.

ఒకరోజు కవిత నన్ను పెద్ద ట్యాంకు దగ్గరికి తీసుకుపోయింది. అందులో మాండరిన్ అనే చేప ఉంది. నీలం ఒంటి మీద నారింజ చారలు, వేలెడంత ఉంటుంది. దాన్ని చూడడానికే జనం దుకాణంలోకి వచ్చేవారు. ఇప్పుడు దాని పొట్ట లోపలికి పోయి, వెన్ను కత్తిలా తేలింది.

"గోలీల మేత ముట్టదు సార్. చెన్నై నుంచి కోపిపాడ్ల సీసాలు తెప్పిస్తే ఎండకు దారిలనే చస్తున్నయ్. ఇది పోతే ఉప్పునీళ్ళ చేపలు బంద్ చేస్త. మా ఆయన మొదటి నుంచి అంటనే ఉన్నడు, గప్పీలు అమ్ముకోక నీకెందుకీ సముద్రమని."

కోపిపాడ్ అంటే ఉప్పురవ్వకన్నా చిన్న పురుగు, రొయ్యల జాతిది. మాండరిన్‌కు అదే అన్నం. పెద్ద ట్యాంకులో ఉన్నవాటిని అది ఎప్పుడో తినేసింది.

"మోరీల పోసే నీళ్ళు నాకియ్యి బిడ్డా," అన్నాను. "దాంట్ల చేపల పెంట కరిగి ఉంటది. చేపకు అది విషం, నాచుకు ఎరువు. నాచు పెరిగితే పురుగు పెరుగుతది."

రెండు క్యాన్లు బస్సెక్కించాను. కండక్టర్ ఒక క్యాన్‌ను కాలితో తట్టి చూశాడు.

"ఏంది పెద్దాయన, మంచినూనెనా?"

"సముద్రం నీళ్ళు."

"హయత్‌నగర్ల సముద్రం ఎప్పుడు పడ్డది? జర మాకు చెప్పొద్దా?" అన్నాడు. బస్సంతా నవ్వింది.

ఇంట్లో ఆ నీటిని గుడ్డతో వడగట్టి, బ్లీచింగ్ వేసి, మర్నాడు క్లోరిన్ విరిచే మందు కలిపాను. కొంత గాజు సీసాలలో పోసి, పాత మిత్రుడు ఇచ్చిన నాచు విత్తనం కలిపి, గాలి పంపు పెట్టాను. వారానికి సీసాలు పచ్చబడ్డాయి. మిగిలిన నీళ్ళు రెండు టబ్బులలో పోసి, చుట్టూ తడి గోనెసంచి కట్టి నీడలో పెట్టాను. కవిత ఫిల్టర్ స్పాంజి పిండితే వచ్చిన కొన్ని కోపిపాడ్లు వాటిలో వదిలాను. రోజూ లేత పచ్చరంగు వచ్చేంత నాచునీళ్ళు పోశాను. రెండో వారంలో భూతద్దం పెట్టి చూస్తే టబ్బు గోడల మీద తెల్లచుక్కలు ఉరుకుతున్నాయి. ఆడవాటికి గుడ్ల సంచులు కూడా కనబడ్డాయి.

ఆ సంతోషంలో కొత్తగా తెచ్చిన క్యాన్ నీటిని కూడా అట్లాగే శుద్ధిచేసి రెండో టబ్బులో పోశాను. తెల్లారి చూస్తే అందులో ఒక్క చుక్కా కదలలేదు. అన్నీ అడుగున తెల్లటి పొడిలా పడి ఉన్నాయి.

డైరీ తెరిచాను. ఆ క్యాన్ జబ్బు చేపల ట్యాంకుది. ఆ పేజీలో నా చేతిరాతే ఉంది: 'మచ్చల రోగం. కాపర్ మందు వేసినాము.' రాగి చేపను బతికిస్తుంది, ఇట్లాంటి పురుగును చంపుతుంది. బ్లీచింగుకు పోయేది కాదు అది. ఈ సంగతి నేను ల్యాబ్‌లో ఎందరికో చెప్పినవాణ్ణి.

పక్కన నిలబడి చూస్తున్న నా భార్య లక్ష్మి అంది: "రాసుడు నీ పని. మరి చదువుడు ఎవల పని?"

కవితకు ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పాను.

ఆమె అంది: "రికార్డు బుక్కుల ఒక్క లైను తప్పైతే మీరు మొత్తం మళ్ళ రాయించేటోళ్ళు, యాదికున్నదా సార్?"

"ఉన్నది."

"అయితే మళ్ళ రాయున్రి. గని చేప ఆగేటట్టు లేదు. ఇంకో టబ్బుల ఉన్నయన్ని తెచ్చి పొయ్యున్రి."

"అన్ని పోస్తే నాలుగు రోజులు తింటది. ఐదో రోజు ఏం పెడ్తవ్?"

అన్నానే గాని, నాకూ ధైర్యంగా ఏమీ లేదు. మిగిలిన టబ్బును మూడు భాగాలు చేశాను. రెండు భాగాలు కొత్త టబ్బులలో పెంపకానికి, ఒక భాగం చేపకు. దాన్నే సన్నటి జాలీగుడ్డలో వడగట్టి, రోజు విడిచి రోజు కొంచెం కొంచెం తీసుకుపోయాను. ట్యాంకు పంపు ఆపి, చిన్న గొట్టంతో రాళ్ళ మధ్య వదిలేవాళ్ళం. చేప ఒక్కొక్కటే ఏరుకుని తినేది. పొట్ట నిండలేదు, కానీ ప్రాణం నిలిచింది.

ఆనాటి నుంచి ప్రతి క్యాన్ మెడకు ఒక చీటీ కట్టాను: ఏ ట్యాంకు, ఏ రోజు, ఏ మందు. లక్ష్మి చీటీ పైకి చదివాకే నేను పోయాలి. ఒకసారి తొందరలో వంచబోతే క్యాన్ మీద చెయ్యి పెట్టి ఆపింది కూడా.

మూడు వారాలకు రెండు టబ్బులూ కిక్కిరిసిపోయాయి. చేపకు రోజూ పెట్టసాగాం. ఒక పొద్దున కవిత ఫోటో పంపింది. మాండరిన్ పొట్ట గుండ్రంగా ఉంది. వెంటనే ఫోన్ కూడా చేసింది.

"మా ఆయన కుర్చీ ఏసుకొని దాని ముంగటనే కూసున్నడు సార్. గిరాకీ వస్తే నన్నే లేవమంటున్నడు."

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నా చేతుల మీదుగా ఎన్నో ప్రయోగాలు జరిగాయి. అవన్నీ పుస్తకంలో ఉన్నవి. ఇది మాత్రం మోరీలో పోయే నీటితో, నా తప్పును నేనే దిద్దుకుని చేసింది. చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, గర్వమే.

ఇప్పుడు కవిత దుకాణంలోనే పచ్చ సీసాలు వరుసగా ఉన్నాయి. ప్రతి క్యాన్‌కూ చీటీ ఉంది, పోసేముందు పైకి చదువుతారు. నేనేమో ప్రతి ఏడూ కొత్త డైరీ మొదటి పేజీలో, నా పేరు కన్నా ముందు, లక్ష్మి అడిగిన ఆ ప్రశ్న రాసుకుంటున్నాను. పని మొదలుపెట్టే ముందు దాన్ని చదువుతాను కూడా.