ఎడంపక్క సీటు

మా వారు పోయారన్న కబురు అవనిగడ్డ నుంచి గుమాస్తా గారు తెచ్చారు. పొద్దున్న పదిగంటల వేళ నేను వీధి గుమ్మంలో కూర్చుని కరివేపాకు దూస్తున్నాను. గుమాస్తా గారు అరుగు ఎక్కకుండా మెట్ల కిందే నిలబడిపోయారు. ఒక చేతిలో కేసు కాయితాల కట్ట, రెండో చేతిలో మా వారి తలపాగా. "వారేరండీ? వెనక వస్తున్నారా?" అని అడిగాను. "తీసుకొస్తున్నారమ్మగారూ" అన్నారు. అని, ఆ మెట్ల మీదే చతికిలబడి, తలపాగా ఒళ్ళో పెట్టుకుని ఏడ్చేశారు. ఏదో భూమి తగాదాలో సాక్ష్యాలు రాసుకోవడానికి వెళ్ళిన మనిషి, ముందురోజు సాయంత్రం కాళ్ళు కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చున్నారట. గుండె ఆగి, కూర్చున్నవారు కూర్చున్నట్టే వెళ్ళిపోయారు.

రెండు నెలలు దాటింది. బందరు కోర్టులో తోటి ప్లీడర్లు సభ పెట్టి ఆయన గురించి చాలా మంచి మాటలు చెప్పారు. అవన్నీ నిజాలే అయి ఉంటాయి. కోర్టులో ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఆఖర్న మాట్లాడినాయన "ఆ మోటారు" అనగానే సభంతా నవ్విందని గుమాస్తా గారు చెప్పారు. వింటే నాకూ నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. ఆ మోటారు సంగతి ఇంకెవరో చెప్పేకంటే నేనే చెప్పడం న్యాయం. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన నన్ను నోరు తెరిచి అడిగిన కోరిక ఒక్కటే. ఆ మోటారులో తన పక్కన కూర్చుని మంగినపూడి సముద్రం దాకా రమ్మన్నారు. ఆ ఒక్కటీ నేను తీర్చలేదు.

దీనికి మొదలు చెన్నపట్నంలో ఉంది. లా చదివే రోజుల్లో ఒక సాయంత్రం ఆయన సముద్రపుటొడ్డున రోడ్డు మీద టాపు లేని మోటారులో ఒక జంట వెళ్ళడం చూశారట. ఆ అమ్మాయి ఏదో చెబుతోంది, అతను దారి వంక చూస్తూనే నవ్వుతున్నాడు. చూసింది అంతే. మా కాపురం కొత్తలో నాకు ఈ సంగతి రెండుసార్లు చెప్పారు. మూడోసారి మొదలుపెట్టగానే, "ఆ అమ్మాయి అంత బాగుంటుందేమిటండీ?" అని అడిగాను. మళ్ళీ ఎత్తలేదు.

చాలా ఏళ్ళ తర్వాత గుడివాడ అవతల ఒక జమీందారు గారి ఇంట్లో పంపకాలు జరిగితే సామాను జాబితా రాయడానికి ఈయన వెళ్ళారు. పాత పల్లకీ పక్కన, గడ్డిమోపుల కింద, ముదురాకుపచ్చ మోటారు ఒకటి కనిపించింది. సీట్లో కోడిపెట్ట పొదుగుతోందట. పందేల్లో పరుగెత్తడానికి ఇంగ్లండు సీమలో చేసిన బండి అది. చిన్న జమీందారు గారు మోజుపడి తెప్పించుకుని, మోజు తీరాక కొట్టంలో పడేశారు. వాటాదారుల్లో ఒక్కరూ దాన్ని కావాలనలేదు. అడిగి కొనుక్కున్నది మా వారు. తోటి ప్లీడర్లు నెత్తీ నోరూ కొట్టుకున్నారు. "రోజూ కోర్టుకి పోయి వచ్చే మనిషికి ఇదేం బండండీ! కాస్త పొందికైనది కొనుక్కోకూడదూ?" అన్నారు. "గొప్పగా బతికి పాతబడ్డవాళ్ళకి రోజూ ఏదో ఒక పని చూపించాలండీ. లేకపోతే దిగులుపడి పోతారు" అన్నారీయన.

అది మా ఇంటి ముందు ఆగిన రోజు వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. అత్తగారు దగ్గరుండి నా చేత చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, హారతి ఇప్పించారు. తర్వాత బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశారు.

"ఒరే నాయనా, మూడోవాడు ఎక్కడ కూర్చుంటాడురా?"

"రెండే సీట్లమ్మా."

"ఇంత పొడుగు బండికి రెండే సీట్లా! మరి ముందు అంత పొట్ట ఎందుకు?"

"అది ఇంజను."

"అంటే తిండికి చోటుంది గానీ మనుషులకి లేదన్నమాట" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం వడ్డిస్తుంటే ఆయన గొంతు తగ్గించి, "చల్లబడ్డాక నువ్వూ నేనూ మంగినపూడి దాకా వెళ్ళొద్దామా?" అన్నారు. నేను పులుసు అన్నంలో వెయ్యబోయి మజ్జిగ గ్లాసులో వేశాను. మీరు ఇవాళ్టివాళ్ళయితే ఇందులో కంగారుపడడానికేముందని అంటారు. మా ఇళ్ళల్లో ఆలుమగలు పక్కపక్కన కూర్చునేది పీటల మీదే. పెళ్ళిపీటలు, వ్రతం పీటలు, అంతే. ఆయన వరండాలోకి వస్తే నేను లేచి లోపలికి వెళ్ళేదాన్ని. మాఘపౌర్ణమికి సముద్రస్నానానికి కూడా ఆడవాళ్ళం తెరకట్టిన బండిలో, మగవాళ్ళు ముందు నడుస్తూనో ఇంకో బండిలోనో. అలాంటిది, కప్పు లేని మోటారులో, నడివీధిలో, అందరూ చూస్తుండగా భుజం భుజం ఆనించుకుని కూర్చోవడమే!

"అత్తయ్యగారు ఏమంటారో" అన్నాను.

ఆయన తిన్నగా వెళ్ళి తల్లినే అడిగారు. ప్లీడరు కదా, వాదన కూడా పట్టుకెళ్ళారు. "చూడమ్మా, తోలేవాడి చోటు కుడివైపు ఉంది. భార్య చోటు ఎడంవైపే వచ్చింది. తెల్లవాడైనా శాస్త్రం తప్పలేదు."

"శాస్త్రంలో పక్కన పురోహితుడు కూడా ఉంటాడు. ఆయన్ని ఎక్కడ కూర్చోబెడతావు?" అన్నారు అత్తగారు. కేసు అక్కడితో కొట్టేశారు.

ఇక అది మా వారి రోజువారీ బండి అయింది. పొద్దున్నే తన పాత పంచె ముక్కతో దాని దుమ్ము తనే తుడిచేవారు. ముందు నిలబడి హ్యాండిలు తిప్పితే ఒక్కోసారి మూడో తిప్పుకి లేచేది, ఒక్కోసారి ముప్ఫయ్యో తిప్పుకి. లేచినప్పుడు మాత్రం మా వంటింట్లో గిన్నెలు మోగేవి. గాలికి తలపాగా ఎగిరిపోతుందని దాన్ని గుమాస్తా గారి ఒళ్ళో పెట్టేవారు. పసిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని గుమాస్తా గారు కళ్ళు మూసుకుని కూర్చునేవారు. రోడ్డుకీ ఆ బండి కడుపుకీ మధ్య జానెడు ఎడం ఉంటే గొప్ప. మన నల్లరేగడి బురదలో వర్షాకాలం రెండు రోజులకోసారి కూరుకుపోయేది. కక్షిదారులొచ్చి తోసేవారు. ఆయన విసుక్కోగా నేను చూడలేదు. "ఆగిందంటే, దిగి ఊరు చూడమంటోందన్నమాట" అనేవారు. ఘంటసాల దారిలో అలా ఆగినప్పుడే ఒక రైతుతో మాట కలిసి, తరాల తగాదా ఒకటి కోర్టు దాకా రాకుండా గట్టు మీదే తీర్చేశారు. దాంతో ఒక కేసు పోయిందని గుమాస్తా గారు వారం రోజులు బాధపడ్డారు.

ఆ ఎడంపక్క సీట్లో కూర్చోనివాళ్ళు లేరు. నందివాడ నుంచి వచ్చిన కక్షిదారు ఒకాయన పనసపండుతో సహా కూర్చున్నాడు. ఇంతెందుకు, మా అత్తగారే కూర్చున్నారు. కళ్ళు చూపించుకోవడానికి మొదటిసారి ఎక్కి, "గాలి ముక్కులోకి పోయి ఊపిరాడలేదే అమ్మాయ్" అని వచ్చి పడుకున్నారు. మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, నెత్తిన కొంగు బిగించి కట్టుకుని, "ఒరే, గుడి దాకా దింపు" అన్నారు. కొడుకు పక్కన తల్లి కూర్చుంటే తప్పేముంది? నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. నాకు కష్టం కలగలేదంటే అబద్ధం. తోలు చిరిగిపోయిన ఆ సీటు మీదికి నా పాత పట్టుచీర ముక్కలతో దిండు కుట్టినది నేనే.

ఒకటి గమనించాను. ఒంటరిగా వచ్చేటప్పుడు కూడా ఆయన ఆ సీటు మీద ఏమీ పెట్టేవారు కాదు. కాయితాల కట్టలు కాళ్ళ దగ్గర ఇరుకుపడుతుండేవి. "అంత చోటు ఖాళీగా ఉందిగా, అక్కడ పడెయ్యకూడదుటండీ?" అని గుమాస్తా గారు ఒకనాడు అడిగితే, "అది మనిషి కూర్చునే చోటండీ" అన్నారు. కిటికీ వెనక నిలబడి నేను విన్నాను.

అత్తగారు పోయారు. సంవత్సరీకాలు అయ్యేదాకా ఆయన మంగినపూడి మాటెత్తలేదు. అయిన వారానికి, బట్టలు ఆరేస్తుంటే పెరట్లోకి వచ్చి, "ఏమోయ్, ఇప్పుడో?" అన్నారు. ఎందుకన్నారో నాకు తెలుసు.

"ఈ వయసులో ఏమిటండీ! చూసినవాళ్ళు నవ్విపోతారు."

"నవ్వనీ. నేను రోజూ ఆ నవ్వుల మధ్య నుంచే కోర్టుకి పోయి వస్తున్నాను."

నేను తడిచీర దులిపి ఆయనకీ నాకూ మధ్య ఆరేశాను. అన్నాళ్ళూ అత్తగారు ఒప్పుకోరని ఆవిడ మీద పెట్టాను. ఆవిడ లేకపోయాక చూసుకుంటే, భయం నాదే. ఆయన ఇంకో రెండుసార్లు అడిగి ఉంటారు. అడిగిన ప్రతిసారీ నాకు ఇష్టంగా ఉండేది, కాదనడమూ అలవాటుగా ఉండేది.

ఇంతలో యుద్ధం వచ్చింది. పెట్రోలుకి రేషను చీటీలు పెట్టారు. మొదట నెలలో కొన్ని రోజులు బండి నడిచింది, తర్వాత అదీ లేదు. మూలపెడితే చక్రాలు పట్టేస్తాయని ఆయన బెంగ. పనసపండు తెచ్చిన నందివాడ రైతు వచ్చి చూసి, "దీనికేమిటండీ ప్లీడరు గారూ ఇంత ఆలోచన, నా ఎద్దుల్ని కట్టుకోండి" అన్నాడు. వేళాకోళానికి అన్నాడో, నిజంగానే అన్నాడో గానీ ఈయన పట్టుకున్నారు. వడ్రంగిని పిలిపించి బండి ముందు నొగ బిగించారు, కాడి వేయించారు. ఎద్దుల్ని తోలే అతను బానెట్ మీద గోనె పరుచుకుని కూర్చునేవాడు. వెనక మా వారు నల్లకోటు వేసుకుని స్టీరింగు పట్టుకుని, వంతెన దిగేచోట బ్రేకు వేస్తూ, దర్జాగా కోర్టుకి వెళ్ళేవారు. ఇక తలపాగా తలమీదే ఉండేది. గంటకి అరవై మైళ్ళు పోతుందని చెప్పిన బండి బస్తాల బండికి కూడా దారి ఇచ్చేది. ఊరు నవ్విన నవ్వు ఇంతా అంతా కాదు.

నాకు మాత్రం ఆ ఎద్దుల్ని చూస్తే ధైర్యం వచ్చింది. ఎద్దులు కట్టాక అది బండే కదా. బండిలో ఆడవాళ్ళు కూర్చుంటారు. ఈ లెక్క ఎవరైనా వింటే ఏమంటారో తెలియదు గానీ నాకు సరిపోయింది. మాఘమాసంలో ఒక ఆదివారం పొద్దున్న, ఆయన ఎద్దుల్ని ఊరికే అలా తిప్పుకొస్తానంటే, "నేనూ వస్తానండీ" అన్నాను.

ఆయన పంచె ముక్క తెచ్చి ఆ దిండు మూడుసార్లు దులిపారు. చెయ్యి అందించబోయి, వీధి వైపు చూసి, తీసేసుకున్నారు. నేనే ఆ చెయ్యి పట్టుకుని ఎక్కాను.

ఎవరూ నవ్వలేదు. జామకాయలమ్మే ముసలామె మాత్రం బుట్ట దించి, "చల్లగా ఉండండి తల్లీ" అంది. సీటు ఇంత కిందికి ఉంటుందని నాకు తెలియదు. కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. ఆయన భుజం నా భుజానికి తగులుతూనే ఉంది. పట్టపగలు, అంత దగ్గర నుంచి, ఆయన్ని పక్కగా చూడటం నాకు అదే మొదలు. ఎడమ చెవి వెనక ఒక పుట్టుమచ్చ ఉంది. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసి నాకా పుట్టుమచ్చ సంగతి తెలియదు. నేను ఏవేవో చెబుతున్నాను. తోటకూర పురుగు పట్టిందని, మా అమ్మాయి అత్తవారింటి నుంచి ఉత్తరం రాయలేదని. ఆయన దారి వంకే చూస్తూ నవ్వుతున్నారు.

ఊరు దాటాక ఇళ్ళు పలచబడి ఉప్పుగాలి మొదలైంది. అక్కడ ఎద్దుల్ని ఆపించారు. "ఇట్లా తిన్నగా పోతే మధ్యాహ్నానికి సముద్రం దగ్గరుంటాం. వెనక్కి తిప్పితే ఇల్లు. ఏం చెయ్యమంటావు?" అన్నారు.

"మేడ మీద వడియాలు పెట్టి వచ్చానండీ. అటు మబ్బు పడుతోంది."

ఆయన తలెత్తి చూశారు. అరచేతిలో పట్టేంత మబ్బు ఒకటుంది. "అవును, పడుతోంది" అన్నారు.

ఆ రోజు వాన రాలేదు. ఆ నెలంతా రాలేదు. వచ్చే ఆదివారం వెళ్దామనుకున్నాం. ఈలోగా కుప్పనూర్పిళ్ళకి కావాలని రైతు ఎద్దుల్ని తీసుకుపోయాడు. తర్వాత నాకు మోకాళ్ళ నొప్పులు, ఆయనకి కోర్టు పనులు. యుద్ధం అయిపోయిందన్నారు, పెట్రోలు చీటీలు ఎత్తేస్తారన్నారు, ఈ వేసవి సెలవుల్లో తప్పకుండా వెళ్దామన్నారీయన. నేనూ ఈసారి వస్తాననే అన్నాను. సెలవులకి ఇంకా ఇరవై రోజులున్నాయనగా ఆయన అవనిగడ్డ వెళ్ళారు.

రోజూ నాకు గుర్తొచ్చేది, ఆవేళ ఎద్దుల్ని ఆపించిన ఆ ఉప్పునేల. ఆ పొడుగు బండి వెనక్కి తిరగడానికి చాలా చోటు కావలసి వచ్చింది. తోలే అతను దిగి, కాడి పట్టుకుని ఎద్దుల్ని తిప్పాడు. అవి మెల్లగా తిరుగుతూ, తిరుగుతూ, ఇంటి వైపు ఆగవలసినవి ఆగకుండా చుట్టంతా తిరిగి మళ్ళీ సముద్రం వైపే నిలబడ్డాయి. గాలి మొహాన కొట్టింది. ఆయన స్టీరింగు మీద చేతులుంచి నా వంక చూశారు.

"ఇవి నీ మాట వినేట్టు లేవోయ్" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. "మీరు గట్టిగా తిప్పండి" అన్నాను.

ఆయన తిప్పారు.