నూనె డబ్బాలో అన్న మాటలు

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నవ్వి ఊరుకునేవాణ్ణి. కంచన్‌బాగ్‌లోని ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు మీటర్లతో పనిచేశాను. కొలతకు అందనిదాన్ని నమ్మే అలవాటు నాకు లేదు.

నాకు హామ్ రేడియో లైసెన్సు ఉంది. నాతోపాటు పనిచేసిన సుదర్శన్‌కూ ఉండేది. నేను గౌలిపురలో, అతను జహనుమాలో. రోజూ మధ్యాహ్నం అరగంట రేడియోలో మాట్లాడుకునేవాళ్లం. బటన్ నొక్కి మాట్లాడాలి, వదిలితేనే అవతలి మాట వినబడుతుంది. నా భార్య పోయాక ఇంట్లో వినబడే మనిషి గొంతు అదొక్కటే.

పోయిన ఎండాకాలం ఏదో చిన్న మాటకు అలిగి రెండు రోజులు సెట్ ఆపేశాను. రెండో రోజే సుదర్శన్ గుండెపోటుతో పోయాడు. ఆ పొద్దున చాలాసేపు నన్ను పిలిచాడట.

తర్వాత సెట్ ముట్టబుద్ధి కాలేదు. అమ్మేద్దామనుకుంటే, కొనేవాడు ఎన్ని వాట్లు ఇస్తుందో చూసి చెప్పమన్నాడు. పవర్ మీటర్ లేదు. ఇరవై రెసిస్టర్లు కలిపి అతికించి, రేకు డబ్బాలో పావు లీటరు కుట్టుమిషన్ నూనె పోసి అందులో ముంచాను. ఒక డయోడు, ఒక కెపాసిటరు, నా పాత మల్టీమీటరు. ఏరియల్ బదులు ఈ డబ్బా తగిలిస్తే సెట్ శక్తంతా నూనెలో వేడిగా మారిపోతుంది. మాట గది దాటదు.

బటన్ నొక్కాను. ముప్పై ఒక్క వోల్టులు. అంటే పది వాట్లకు కాస్త తక్కువ.

అక్కడితో ఆపేయాల్సింది. ఎవరూ వినరు కదా అని, "సుదర్శన్, నువ్వు పిలుస్తుంటే సెట్ బంద్ పెట్టుకొని కూసున్న. తప్పు నాదే" అన్నాను. ఏడుపొచ్చింది. బటన్ మీద వేలు తీయకుండా పది నిమిషాలు ఏదేదో చెప్పుకున్నాను. చివర్లో డబ్బా పట్టుకుని చూస్తే చల్లగా ఉంది.

సాయంత్రం సుదర్శన్ భార్య పుష్ప ఫోన్ చేసింది.

"అన్నా, మధ్యాహ్నం మా రేడియోల నువ్వు ఏడుస్తున్నవేంది? తప్పు నాదే అంటున్నవ్."

వెంటనే జహనుమా వెళ్లాను. వాళ్ల సెట్ బీరువా మీద గుడ్డ చుట్టి ఉంది. కరెంటు వైరు పెట్టి లేదు. డాబా మీద ఏరియల్ ఎప్పుడో తీసేశారు. నేనన్న మాటలు మాత్రం పుష్ప వరసగా చెప్పింది. ఒక్కటీ తప్పలేదు.

మర్నాడు అదే డబ్బాతో అంతేసేపు, నోరు విప్పకుండా బటన్ నొక్కి పట్టాను. అవే ముప్పై ఒక్క వోల్టులు. ఈసారి డబ్బా చేతికి వేడిగా తగిలింది. మూత సందులోంచి కొంత సిగ్నల్ బయటికి పోవచ్చు, ఒప్పుకుంటాను. కరెంటే లేని సెట్ ఎలా పలికింది? ముందురోజు వేడి ఎటు పోయింది? ఎన్నిసార్లు లెక్క వేసినా నాకు తేలలేదు.

జహనుమా వెళ్లిన ఆ సాయంత్రం, తిరిగి బయల్దేరుతూ నేను చెప్పులు వేసుకుంటుంటే పుష్ప గడప దాకా వచ్చింది.

"నీ మాటలే ఇనబడ్డయన్నా. ఆయనేమన్నడు?"

"నేను బటన్ ఇడువనే లేదు, చెల్లె" అన్నాను.